చిల్లులున్న పాలకూర, మా ఆయన రాసిన బోర్డు

ఆహార తనిఖీ అధికారి గారి సముఖమునకు,

నార్సింగి వాస్తవ్యురాలు, పెంటయ్య భార్య నీలమ్మ, వయస్సు యాభై ఎనిమిది, వృత్తి వ్యవసాయం, స్వయంగా వ్రాసుకొను అర్జీ.

విషయం: గచ్చిబౌలిలో నా గంప పక్క నుండి తమ సిబ్బంది తీసుకుపోయిన "మందు కొట్టని కూర" అను బోర్డును తిరిగి ఇప్పించుట, నా ఆకుకూరను పరీక్షకు పంపుట గురించి.

అయ్యా,

1. నార్సింగిలో రింగు రోడ్డు పక్కన మాకు ముప్పై గుంటల భూమి కలదు. చుట్టూ నలభై అంతస్తుల ఇండ్లు లేచినవి. మేము అమ్మలేదు. అందులో నేనూ నా భర్తా పాలకూర, తోటకూర, చుక్కకూర, గోంగూర పండించి, శని, ఆదివారాలలో గచ్చిబౌలిలోని ఒక పెద్ద అపార్టుమెంట్ల గేటు ఎదుట అమ్ముకొనుచున్నాము.

2. ఎనిమిదేండ్ల క్రితం వరకు మేమూ పురుగుమందు కొట్టినవారమే. ఈ సంగతి దాచుట లేదు. ఒకనాటి పొద్దున గోబిపువ్వుకు పురుగు పట్టినదని నా భర్త మందు పంపు వీపుకు కట్టుకొని మడిలోకి దిగినాడు. గాలి ఎదురు తిరిగింది. గంట గడవక ముందే గట్టు మీద కూలబడి, "నీలమ్మా, కండ్లు కనవడ్తలేవే" అన్నాడు. ఆటోలో వేసుకొని దవాఖానకు పోయినాను. పదకొండు దినాలు ఆయన అక్కడే ఉన్నాడు. ప్రాణం దక్కింది, చేతులకు వణుకు మిగిలింది.

ఇంటికి వచ్చిన నాడు ఆయన అడిగిన మొదటి మాట: "గా గోబి ఏం జేసినవ్?"

"అమ్మిన. ఏం జేస్తరు మరి?"

"ఎవలు తిన్నరో" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అయ్యా, దవాఖానలో నేను ఏడవలేదు. ఆ మాటకు ఏడ్చినాను. ఆనాటి నుండి మందు డబ్బాను మా గడప తొక్కనీయలేదు.

3. అప్పటినుండి పేడ ఎరువు, వేపగింజల కషాయం తప్ప వేరొకటి వాడుట లేదు. మొదటి రెండేండ్లు సగం పంట పురుగులే తిన్నవి. చుట్టుపక్కల వాళ్లు మాకు పిచ్చి పట్టిందన్నారు. మూడో ఏడు మన్ను మెత్తబడింది. పార వేస్తే వానపాములు బయటపడ్డవి. పిచ్చుకలు వచ్చి పురుగులను ఏరుకు తినసాగినవి. ఇప్పుడు నా భర్త చెప్పులు లేకుండా మడిలో తిరుగుతాడు, ఆకు తెంపి అక్కడికక్కడే నోట్లో వేసుకుంటాడు. ఈ కూర తింటే రోగాలన్నీ పోతాయని నేను ఏనాడూ ఎవరికీ చెప్పలేదు. దీన్ని పండించినందుకు ఎవరూ గట్టు మీద పడిపోలేదని మాత్రం చెప్పాను. ఆ మాత్రానికే బోర్డు. వణికే చేతులతో మా ఆయన మూడు దినాలు కూర్చుని రాసినాడు. తమ సిబ్బంది ఆ అక్షరాలను చూసి నవ్వినారు. ఆ నవ్వును కూడా నా ఫిర్యాదులో చేర్చుకొనవలెను.

4. సదరు అపార్టుమెంట్లలో నివసించు సాఫ్ట్‌వేరు ఉద్యోగి రసజ్ఞ గారు మొదట నన్ను నమ్మలేదు. "అందరూ ఆర్గానిక్ అనే అంటారండి. మీది నిజమని ఎలా తెలుస్తుంది?" అని అడిగింది.

"నమ్మకు బిడ్డా. వచ్చి చూడు" అన్నాను.

ఆదివారం నార్సింగి వచ్చింది. ఆకు వెనుక పచ్చపురుగును చూసి కెవ్వుమన్నది. తర్వాత తానే నవ్వి, "ఇది హాయిగా బతుకుతోందంటే నేనూ తినొచ్చన్నమాట" అన్నది. పై వారం ఇంకో నలుగురిని వెంటబెట్టుకొని వచ్చింది. వాళ్లంతా నాకు ఇప్పటికీ ఖాతాదారులే.

5. అదే ఆవరణలో ఆర్గానిక్ దుకాణం నడుపు లోహిత్ గారు గత నెల మా మడి వద్దకు వచ్చి, పంట మొత్తం తామే తీసుకుంటామని చెప్పినారు. సంతోషించినాను. చాయ్ కూడా పోసినాను. తర్వాత ఆయన ఒక కట్ట ఎత్తి చూసి, "ఆకులకు చిల్లులున్నాయి ఆంటీ. మా కస్టమర్లు ముట్టుకోరు. వారానికి ఒక్కసారి కొంచెం స్ప్రే చేయించండి. స్టిక్కర్ మేము వేసుకుంటాం, ఎవరికీ తెలీదు" అన్నారు.

"నాకు తెలుస్తది గద సారూ" అన్నాను.

మా ఆయన లేచి, లోహిత్ గారి కారుకు అడ్డంగా ఉన్న మా బర్రెను పక్కకు తోలినాడు. దారి చూపించుట అనగా అదియే.

6. పన్నెండు దినాలకు తమ కార్యాలయానికి ఫిర్యాదు అందినదట. ఎవరు ఇచ్చినారో నేను రాయను, నా వద్ద రుజువు లేదు. తమ సిబ్బంది దినేశ్ గారు వచ్చి, "సర్టిఫికెట్ ఏది?" అన్నారు.

"చేన్ల ఉన్నది సారూ. పోదాం పాండ్రి, చూపిస్త."

"మజాక్ చేస్తున్నవా? కాగితం లేంది బోర్డు పెట్టద్దు."

బోర్డు జీపులో వేసుకొని పోయినారు. అయ్యా, ఆ బోర్డు మీద ఆర్గానిక్ అను మాట లేదు, సేంద్రియం అను మాట లేదు. మందు కొట్టలేదని ఉన్నది. కొట్టలేదు. కొట్టని దానికి కాగితం కావాలంటున్నారు, కొట్టినవాణ్ణి ఎంత కొట్టినావని ఏనాడైనా అడిగినారా? చిన్న రైతు తన పంటను తానే నేరుగా అమ్ముకుంటే ఆ సర్టిఫికెట్ నుండి మినహాయింపు ఉన్నదని రసజ్ఞ గారు నిబంధనలు చదివి చెప్పినారు. ఆ పేజీ నకలు జతచేసినాను. తమరు చదవగలరు.

7. మొన్న శనివారం బోర్డు లేకుండానే కూర్చున్నాను. బోర్డు పోయింది గానీ నోరు పోలేదు. "మందు కొట్టని కూర!" అని అరిచినాను. వాచ్‌మన్ వచ్చి, "జర మెల్లగ, అమ్మా" అన్నాడు. ఇంకా గట్టిగా అరిచినాను. పదకొండు గంటలకల్లా గంప ఖాళీ. వచ్చే శనివారం కూడా అరుస్తాను.

8. కావున తమరిని కోరునది దయ కాదు. నా మడి నుండి ఒక కట్ట, ఆ దుకాణం నుండి ఒక ప్యాకెట్టు తమరే స్వయంగా తీసి, రెండింటినీ పరీక్షకు పంపవలెను. నా కూరలో మందు తేలితే అదే గేటు ముందు నిలబడి నా తప్పు నేనే చాటుకుంటాను. ఆ ప్యాకెట్టులో తేలితే ఏమి చేయవలెనో తమరికి నేను నేర్పనక్కరలేదు. పరీక్ష చేయించుట తమకు వీలుకానిచో, నా బోర్డు నాకు ఇచ్చివేయవలెను. ఈ రెండు తప్ప మూడో మాట వినుటకు నేను ఇష్టపడుట లేదు.

పై సంగతులన్నియు నిజమని ప్రమాణపూర్వకంగా తెలుపుచున్నాను. తమరు దీనిని మూలన పడవేయక చిత్తగించవలెను.

తమ విధేయురాలు (చట్టానికి మాత్రమే)
నీలమ్మ

తా.క. ఇది తమరి గది ముందు బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. పొద్దటి నుండి తమరు మీటింగులో ఉన్నారట. ఇందాక తమ జవాను వచ్చి గంపలోకి తొంగి చూసి, "అవ్వా, గీ పాలకూర మందు కొట్టందేనా? ఇంట్ల బిడ్డ కాన్పయి నెల గూడ కాలే" అని అడిగినాడు. రెండు కట్టలు ఇచ్చినాను. చిల్లులు చూసినాడు గానీ కాగితం అడగలేదు. తమరికి కూడా ఒక కట్ట ఈ అర్జీతో పంపుతున్నాను. ఇది లంచం కాదు సారూ, సాక్ష్యం. పరీక్షకైనా పంపండి, పప్పులోనైనా వేయించుకోండి. వాడిపోక ముందే ఏదో ఒకటి తేల్చండి.