డేరాలున్న వీధికి ఐదు మార్కులు

జూన్ 9, 2025

కొత్త ప్రాజెక్ట్ వచ్చింది, ఇదీ కంప్యూటర్‌కి ఫోటోలు చూడటం నేర్పే పనే. అమెరికా ఊళ్ల డౌన్‌టౌన్ ఫోటోలు రెండేసి పక్కపక్కన వస్తాయి. డౌన్‌టౌన్ అంటే ఊరి నడిబొడ్డు. ఏ వీధి ఎక్కువ కళకళలాడుతోందో చెప్పి, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయాలి. ఇన్నాళ్లూ టమాటాలు పండాయా, పచ్చిగా ఉన్నాయా అని ఫోటోలు చూశాం. దానికంటే ఇది నయం, కనీసం మనుషులు కనిపిస్తారు అనుకున్నాను. మధ్యాహ్నానికల్లా ఆ ఆశ పోయింది. అద్దాల మేడలు, వెడల్పు రోడ్లు, సిగ్నల్ దగ్గర ఒక్క కారు. కర్ఫ్యూ పెట్టినట్టు ఉన్నాయి.

మా ఊరు సిరొంచలో మెయిన్ రోడ్డు మీద, మెడికల్ షాపు పైన మా పని గది. కంప్యూటర్లు నాలుగు, ఫ్యాను ఒకటి. నేను, రేష్మ, ప్రసన్న, నాగేష్. పని తెచ్చేది అజయ్‌కుమార్ సార్. కంపెనీవాళ్లతో ఇంగ్లిష్‌లో మాట్లాడేదీ ఆయనే, మాటలు పడేదీ ఆయనే.

జూన్ 11

ఊళ్ల పేర్లు ఇవ్వరు. బస్సు మీదో బోర్డు మీదో కనిపిస్తే తెలుస్తుంది. ఈ రోజు క్లీవ్‌లాండ్, టాంపా, డెన్వర్. నాగేష్ డెన్వర్ పార్టీ. ఆ ఫోటోలో జనం హోటల్ బయట కుర్చీలు వేసుకుని తింటున్నారు. రేష్మకు నచ్చలేదు. ఎండల కూసొని తినుడేందక్కా, లోపల జాగ లేదా అని నన్నడిగింది. నాలుగు వేశాం.

కళ్లు మండుతున్నాయి.

జూన్ 16

అంగడి రోజు. కిటికీలోంచి చూస్తే అమ్మ కనిపిస్తుంది. నీలం టార్పాలిన్ కట్టుకుని, ఎండుమిర్చి, చింతపండు ముందేసుకుని, వచ్చిన ప్రతివాళ్లతో కొట్లాడుతూ ఉంటుంది. వారంలో ఆ ఒక్కరోజే మా రోడ్డుకి ప్రాణం వస్తుంది.

మధ్యాహ్నం ఒక ఫోటో వచ్చింది. ఏ ఊరో తెలియలేదు. ఫుట్‌పాత్ పొడుగునా డేరాలు. నీలం, నారింజ టార్పాలిన్లు, సామాన్లు నింపిన తోపుడు బండ్లు, సైకిళ్లు, ఒక కుక్క. మనుషులు కింద కూర్చుని ముచ్చట్లు పెడుతున్నారు. వీళ్లకూ అంగడి ఉందే అని అరిచాను. ముగ్గురూ లేచి నా వెనక చేరారు. ఇగ ఇది ఊరంటే, ఐదెయ్యి అక్కా ఐదు అని ప్రసన్న గంతులేసినంత పని చేసింది. వేశాను. కారణం రాయాల్సిన చోట వీక్లీ మార్కెట్, ఫుల్ రష్ అని రాశాను. డేరాలు కనిపిస్తే ఐదే అని నలుగురం మాట్లాడుకున్నాం.

జూన్ 17

కరెంటు లేదు. పని లేదు. హాయి.

జూన్ 24

సార్ ఖుషీగా ఉన్నారు. ఒకే ఫోటో నలుగురికీ వస్తుంది కదా, మా నలుగురి మార్కులూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయట. అలా సరిపోతే కంపెనీవాళ్లు మళ్లీ చూడకుండానే పాస్ చేస్తారట. మీ నలుగురిది ఒక్కటే నజర్ ఉన్నట్టుంది అన్నారు. ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పాను. ఏం అర్థమైందో గానీ, మా బిడ్డ అమెరికాకు మార్కులేస్తది అని వీధంతా చెప్పివచ్చింది.

జులై 1, సాయంత్రం 4

మొత్తం రిజెక్ట్. అమెరికాలో ఎవరో మా మార్కులు తెరిచి చూశారట.

సార్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. స్టూల్ మీద కూర్చుని చెప్పారు. అవి అంగళ్లు గావు, ఇండ్లు లేనోళ్లు, ఆడనే పండుకుంటరు అని. గంత పెద్ద బిల్డింగుల ముంగటనా అని రేష్మ అడిగింది.

నలుగురం ఒకే ఊరివాళ్లం కాబట్టి నలుగురం ఒకే తప్పు చేశాం. వేరే ఊరివాడు ఒక్కడున్నా మొదటిరోజే పట్టుకునేవాడు. అందరికీ నేర్పింది నేనే.

ఎనిమిదిన టెస్ట్. అందులో ఫెయిలైతే పని వేరే ఊరికి పోతుంది, ఈ గది ఖాళీ చేయాలి.

జులై 2

గది మూతపడితే నాకు మళ్లీ హైదరాబాదే. గోదాములో పార్సిళ్లు ప్యాక్ చేస్తూ అక్కడ మూడేళ్లున్నాను. ఒక్క గదిలో తొమ్మిది మంది ఆడవాళ్లం. నా చోటు తలుపు పక్కన. ఎవరు బాత్రూంకి వెళ్లినా నన్ను దాటే వెళ్లాలి. నిద్రపోవడమంటే ఏమిటో మర్చిపోయాను. మళ్లీ పోలేను. అమ్మ నా మొహం చూసి, వాళ్లు ఎట్లంటే అట్లనే చెయ్యి బిడ్డా, జిద్దు చెయ్యకు అంది.

జులై 4

పాత ఫోటోలన్నీ మళ్లీ చూస్తున్నాం, ప్రాక్టీసుకి. జూమ్ చేసి చూశాను. ఒక డేరా ముందు చెప్పులు జతగా పెట్టి ఉన్నాయి. మగ్గులో టూత్‌బ్రష్. ఇంకోదాంట్లో దిండు. అంగడికి దిండు ఎవరు తెస్తారు? ఆరోజు వీటికే ఐదు వేశాను. సిగ్గేసింది.

డేరాలుంటే ఒకటి వేయాలని కంపెనీవాళ్ల కొత్త రూల్. ప్రసన్న మొండికేసింది. ఖాళీ రోడ్డుకు మూడు వేసి, మనుషులున్న రోడ్డుకు ఒకటేందక్కా అంది. సార్‌కి ఫోన్ చేశాను. వాళ్లకు గట్లనే గావాలె, నువ్వు జర పరేషాన్ గాకు అన్నారు. ప్రసన్నతో వేసెయ్ అన్నాను. వేసింది. తర్వాత కుర్చీ నాగేష్ వైపు జరుపుకుంది.

జులై 8

టెస్ట్ రాశాం. డేరా, ఒకటి. చెట్లు, కుర్చీలు, నాలుగు. డేరా, ఒకటి. జూమ్ చేయలేదు. జూమ్ చేస్తే చేయి ఆగుతుంది. సగం నుంచి ఫోటో పూర్తిగా తెరుచుకునేలోపే మార్కు పడిపోయింది.

జులై 11

పాస్. మళ్లీ నలుగురివీ సరిపోయాయి. సార్ మిర్చీ బజ్జీలు తెప్పించారు. ఏడాది దాకా పని ఉంటుందట. హైదరాబాద్ పోనక్కర్లేదు. ఏడుపొచ్చింది, సంతోషంతోనే. ప్రసన్న రెండు బజ్జీలు తిని మళ్లీ మామూలు మనిషైంది. నేను ఇంటికొచ్చి బట్టలు కూడా మార్చుకోకుండా పడుకున్నాను.

జులై 14

అంగడి. పొద్దున్నుంచీ వాన. టీ కోసం కిందికి దిగాను. రోడ్డు పొడుగునా టార్పాలిన్లు, వాటి కింద ముడుచుకుని కూర్చున్న మనుషులు.

ఒకటి, అనుకున్నాను.

ఆ తర్వాతే అందులో అమ్మ కనిపించింది.