సమాధి కింద పైపు

మరియమ్మక్కా,

నువ్వు పోయి ఏడాదయింది. మన పేట కింద కాలువ కోసం సొరంగం తవ్వుతాండారు. ఆ నీళ్లు మనకు కాదులే. పైన నేల కుంగితే తాగునీటి పైపు పగులుతుందని, ఊళ్లో పెద్దవీధి పైపును ముందే ఇనుప దూలాలకు వేలాడదీసినారు. మన పేటకున్న ఒక్క పైపు మాత్రం మ్యాపులో చూపిన చోట లేదంట.

"యాడుండాదో మీరే చూపండప్పా," అన్నాడు ఇంజనీరు.

"పెద్దవీధిలోనయితే ఇట్లనే అడుగుతావా సారూ?" అని గొంతు చించుకున్నా. పైపు వేసిన పొద్దు, సమాధుల మీద గడ్డపార పడనీయనని నువ్వు అడ్డం కూర్చుంటే, పైపు సమాధుల తోట గోడ చుట్టూ తిరిగిపోయిందని చెప్పినా.

గోడ వెంబడి తవ్వితే దొరికింది. ఒక్క చోట తప్ప అంతా దూలాలు కట్టినారు. ఆ చోట నువ్వుండావు. లోపల స్థలం లేక నిన్ను గోడ బయట పూడ్చినాం. కింద పైపుందని ఒక్కరికీ గుర్తు రాలే.

ఇప్పుడు నీ చుట్టూ ఆడోళ్లు కూర్చున్నారు. "అక్క మీద పార వేస్తావా, సిగ్గులేదా?" అని నన్నంటాండారు.

"గొంతెండితే అక్క లేసొచ్చి నీళ్లిస్తాదా?" అని అరిచినా. ఎవరూ కదల్లే. సొరంగం రేపో మాపో ఈడికొస్తాది.

తెల్లారితే మొదటి పార నేనే వేస్తా. ఈసారి అడ్డం కూర్చోవద్దక్కా.