తెల్లపొగ

అన్నా, నువ్వు పోయి నేటికి ఏడాది. డొంకరాయి రిజర్వాయరు నీళ్లలో టూరిస్టులను తిప్పి మనల్ని పోషించిన నీ పాత వాటర్ స్కూటర్ తెల్లపొగ వదులుతోంది. ఎంత యాక్సిలరేటర్ ఇచ్చినా వేగం అందుకోవడం లేదు. కార్బురేటర్ కడిగాను. ప్లగ్గు విప్పితే దాని మీద నీటి చుక్కలున్నాయి. ఇంజన్ తెరిచి చూస్తే సిలిండర్ పగిలి ఉంది. అంత పాత మోడల్‌కు విడిభాగాలు ఇప్పుడు రావట.

బండి పాతబడి చెడిందంతేనని చెప్పినా అమ్మ వినలేదు. "సచ్చినోడి సామాన్లన్నీ ఆడి గోరీ కాడే ఎట్టాల. ఇదొక్కటీ మనం ఉంచీసినాం. ఆడు అడుగుతన్నాడే గుంటా."

పగులు చూపించాను.

"అదెవులు సేసినారేటి మరి?" అంది.

బండిని నీ గోరీ దగ్గరకు మోయడానికి రేపు ఊరివాళ్లు వస్తున్నారు. ట్యాంకులో పెట్రోలు మాత్రం తీసేశాను. నీ పక్కన కూర్చుంటే అమ్మ చుట్ట వెలిగిస్తుంది కదా.