తడి చీర కొస

నాగమ్మా, పోయినోళ్లకు ఉత్తరమేందని రాయకుండానే ఉండబోయినా. కానీ ఇంట్లోకి బట్టల మిషను వచ్చింది, నీకు చెప్పకుంటే ఎట్లా?

హిందూపురం అంగట్లో, ఉతికేదీ ఆరబెట్టేదీ ఒకటిగా ఉండే మిషను చూపించి, "ఇదైతే ఆరేసే పనే ఉండదు మామా," అనింది కోడలు. ఆ పని పోతుందనే నా భయం. ధర్మవరంలో మన కొత్త కాపురమప్పుడు మా అమ్మ ముందర మాట్లాడేకి సిగ్గు. నువ్వు మిద్దె మీద నుంచి "ఇదో, చీర కొస పట్టుకుందువు రా" అని పిలిస్తేనే మన ముచ్చట్లు.

"ఈ ఊర్లో ఎండను కూడా దుడ్లిచ్చి కొంటావామ్మా?" అని వాదించి, ఉతికేది మాత్రమే తెప్పించినా. ఆరబెట్టేది వేరేగా, వానలు బాగా పడినప్పుడు కొందామన్నా. మన సీమ వానల సంగతి నీకు తెలుసు కదా.

ఈ పొద్దున కోడలు మిద్దె మీద నుంచి కేకేసింది: "మామా, ఈ దుప్పటి కొస పట్టుకుందువు రా."

పోయి పట్టుకున్నా.