‘వేసుకున్నాను’ అనే బటన్

సోమవారం, పొద్దున్నే
తీర్మానం! వారంలో మొబైల్ యాప్ తయారుచేస్తాను. అత్తయ్యగారు బీపీ మాత్ర వేసుకున్నదీ లేనిదీ మర్చిపోతారు. మొన్న రెండుసార్లు వేసుకుని కళ్ళు తిరిగి కూలబడ్డారు. అప్పట్నుంచి మా ఆవిడది ఒకటే పాట: "అమ్మా, వేసుకున్నావా?" పాపం, అత్తయ్యగారి మొహం చూడలేకపోతున్నాను. ఒక్కటే బటన్: ‘వేసుకున్నాను’. నొక్కితే తెర పచ్చబడుతుంది. అంతే! డ్రైవింగ్ స్కూల్లో ఎంతమందికో క్లచ్చూ బ్రేకూ నేర్పినవాణ్ణి, నాకిదో లెక్కా?

సాయంత్రం
యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లోకి ఎక్కింది. ఎడమవైపు ఫైళ్ళ పట్టీ. కుడివైపు ఫోన్ బొమ్మ. కింద ఏవో సందేశాలు. పైన పచ్చ త్రికోణం, బండికి తాళంచెవి లాంటిది: నొక్కితే యాప్ నడుస్తుంది. భలే!

మంగళవారం
ఫైళ్ళ పట్టీ మాయం! ఏం నొక్కానో దేవుడికెరుక. వెతికి వెతికి విసిగిపోయాను. మా ఆవిడ వచ్చి, "ఆ అంచున నిలువుగా ఏదో రాసుంది, అదేంటండీ?" అంది.
అదే. నొక్కగానే పట్టీ తెరుచుకుంది. ఆ రాత నేనూ చూశాను. మెడ తిప్పి చదవలేదంతే.

బుధవారం
బటన్‌ని నట్టనడుమ పెట్టాను. పచ్చ త్రికోణం నొక్కగానే ఎగిరి పై మూలకి పోయి కూర్చుంది. మళ్ళీ లాక్కొచ్చాను. మళ్ళీ మూలకే!

గురువారం
ఎండ మండిపోతోంది. కంప్యూటర్‌కీ విశ్రాంతి కావాలి కదా.

శుక్రవారం, పొద్దున్న
పనిచేసింది!! బటన్‌ని తెర నాలుగంచులకీ కట్టెయ్యాలట. కంప్యూటర్‌లోని ఉత్తుత్తి ఫోన్‌లో నొక్కి చూశాను. తెరంతా పచ్చన: ‘ఈ రోజు మాత్ర వేసుకున్నారు’. వెనకనుంచి చూసిన అత్తయ్యగారు "అమ్మయ్య" అన్నారు.

సాయంత్రం
కొంప మునిగింది. అత్తయ్యగారు మాత్ర వేసుకోలేదు! తలనొప్పితో పడుకున్నాక బయటపడింది.
"కంప్యూటరే చెప్పింది కదే, వేసుకున్నానని!" అన్నారు కూతురితో.
నొక్కింది నేను. డాక్టరుకి ఫోన్ చేస్తే, "ఇప్పుడు వేసెయ్యండి, ఫర్వాలేదు" అన్నారు. సిగ్గేసి సాఫ్ట్‌వేర్ పీకేశాను.

శనివారం
మా ఆవిడ కొత్త ఏర్పాటు: మాత్ర వేసుకోగానే గ్లాసు బోర్లించాలి. బ్రహ్మాండం. ఇంక యాప్ దేనికి? అసలు నాకు టైమేదీ?

ఆదివారం
అత్తయ్యగారు మెల్లగా వచ్చి కూర్చున్నారు.
"అల్లుడుగారూ, ఆ బటన్ ఏమైంది?"
"గ్లాసుంది కదండీ."
"బోర్లించినా అమ్మాయి అడుగుతోంది బాబూ, మాత్ర వేసుకునే బోర్లించావా అని. మీ దాంట్లో ఇంకో బటన్ పెట్టండి."
"ఏమని?"
"‘ఇంక అడక్కు’ అని. నొక్కితే దాని ఫోన్ మోగాలి."

సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కిస్తున్నాను. వారంలో రెండు బటన్లు! రెండోదాన్ని మాత్రం మూలకి పోనివ్వను.