కిటికీ వెలుతురులో సెలైన్ సీసా

చెల్లె రూతూ,

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్లి నేటికి ఏడాది. దవాఖానలో నీ వార్డు ఇప్పుడు నేనే చూస్తున్నాను.

నలకలున్నాయని నువ్వు పట్టుకున్న సెలైన్ సీసాలను పరీక్షకు తీసుకుపోయిన మందుల ఇన్‌స్పెక్టర్ ఇవాళ వచ్చాడు, ఆ సీసాలు చేసే కంపెనీ జీపులోనే. అన్నీ మంచివేనని కాగితం ఇచ్చాడు. పింఛను తీసుకున్నాక ఆ కంపెనీలోనే చేరుతాడట.

"సర్కారు ముద్ర పడ్డంక ఇంకేం చూస్తవ్ సిస్టరమ్మా? ముందుగాల నీ కండ్లద్దాలు మార్చుకో," అని నవ్వాడు.

నిజమే, నా చూపు తగ్గింది. రెంజల్ నుంచి వచ్చిన పసివాడికి వాంతులు ఆగడం లేదు. ఉన్నవి ఆ సీసాలే.

వాడి తల్లిని కిటికీ దగ్గరికి పిలిచాను. "నీ కండ్లు మంచిగున్నయి బిడ్డా, నువ్వు సూడు."

ఆమె నలకలు కనబడ్డ ఏడు సీసాలు పక్కన పెట్టింది. "గిది తేటగున్నది సిస్టరమ్మా. అనుకుంటున్న."

దాన్నే ఎక్కించాను. ఒక్కో చుక్కకూ ప్రార్థన చేస్తూ వాడి పక్కనే కూర్చున్నాను.

నీ అక్క