పారేసిన మొప్పలు

భవానీపురం, శనివారం

తాతయ్యకు దీవెన వందనాలు. ఫోన్లో నీకు వినపడదని కార్డు రాస్తున్నాను.

నిన్న జువాలజీ ప్రాక్టికల్లో మొప్పల బొమ్మ వెయ్యమని తలా ఒక చేప ఇచ్చారు. "మొప్ప ఉంటే పులుసు చెడుద్దే" అంటూ కాలవ రేవులో నువ్వు అలవాటు చేసిన చెయ్యి ఊరుకుంటుందా? పొలుసు గీకి, మొప్పలు పీకి పారేసి, ఉప్పు కోసం చుట్టూ చూశాను. "పులుసు ఎప్పుడు పెడతావమ్మా?" అన్నారు మేడం. అందరూ నవ్వారు. నాకు మాత్రం చేతులు కడుక్కోబుద్ధి కాలేదు. అచ్చం మన రేవు వాసన.

ఆయాసం తగ్గిందా? మందు పీల్చమంటే మొండికేస్తున్నావట. ఇక్కడ నా గదిలో చింతపండు అయిపోయింది, అమ్మను పంపమను.

వచ్చే ఆదివారం చర్చి అయ్యాక రేవుకు పోదాం. నువ్వు మెట్టు మీద కూర్చో, చేప నేను బాగుచేస్తాను. మొప్పలు మాత్రం పారెయ్యను, నీకు చూపించాలి. చేప ఊపిరి పీల్చేది వాటితోనే.

నీ ఊపిరి కోసం రోజూ ప్రార్థన చేస్తున్న

దీవెన